వయసు మీద పడిందా, ఇనుము పేరుకుందా?

యాభై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఒళ్ళంతా నీరసంగా ఉంటోంది, వేళ్ళ కణుపులు నొప్పి పుడుతున్నాయి, మునుపటి ఓపిక లేదు అని చెప్తే చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: "వయసు కదండీ." ఆ జవాబంటే నాకు కోపం. సరిగ్గా ఇవే లక్షణాలతో మొదలయ్యే వంశపారంపర్య జబ్బు ఒకటుంది, దాని పేరు హీమోక్రొమటోసిస్, శరీరంలో ఇనుము అవసరానికి మించి పేరుకుపోవడం. దాని జాడ రెండు మామూలు రక్తపరీక్షల్లో దొరుకుతుంది. మా ఇంట్లో ఉంది కాబట్టి కొన్నేళ్ళుగా దీని గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ ఒక విషయం నన్ను వదలడం లేదు. వయసు అని కొట్టిపారేసినవాళ్ళు జబ్బును పట్టుకోలేదు, అది నిజమే, కానీ కణం లోపల ఏం జరుగుతోందో చూస్తే అది ముసలితనానికి ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంటుంది. తేడా ఏంటంటే ఈ ముసలితనానికి కారణం తెలుసు, మందూ ఉంది.

ముందు ఇనుము లెక్క చెప్తాను, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. పెద్దవాళ్ళ ఒంట్లో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములకు మించదు, అందులో సుమారు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. రోజూ తినే తిండి నుంచి పేగు తీసుకునేది 1 నుంచి 2 మిల్లీగ్రాములు, రాలిపోయే చర్మం, పేగు పొరల్లోంచి పోయేదీ దాదాపు అంతే. మరి రోజూ కొత్త ఎర్ర రక్తకణాలు తయారవ్వడానికి 20 మిల్లీగ్రాములకు పైగా కావాలి కదా, అదెక్కడిది అంటే, సుమారు 120 రోజులు బతికి అరిగిపోయిన పాత ఎర్రకణాలను మాక్రోఫేజులనే కణాలు మింగి, వాటిలోని ఇనుమును తీసి మళ్ళీ రక్తంలోకి వదులుతాయి. అంత పొదుపు. కానీ ఇంత పొదుపున్న శరీరానికి ఒక పెద్ద లోటు ఉంది, ఎక్కువైన ఇనుమును బయటికి పంపించే ఏర్పాటు లేనే లేదు. ఉప్పో నీళ్ళో ఎక్కువైతే కిడ్నీలు చూసుకుంటాయి, ఇనుము విషయంలో అలా చూసుకునే అవయవం లేదు. లోపలికి వచ్చిందంటే రక్తం పోతే తప్ప చెప్పుకోదగ్గంత బయటికి పోదు.

అందుకే కట్టడి అంతా లోపలికి వచ్చే చోటే జరగాలి. ఆ పని చేసేది హెప్సిడిన్ అనే చిన్న హార్మోన్, తయారయ్యేది లివర్‌లో. పేగు కణాలు, మాక్రోఫేజులు తమలోని ఇనుమును రక్తంలోకి వదిలే తలుపు ఫెర్రోపోర్టిన్ అనే ప్రొటీన్, హెప్సిడిన్ వచ్చి అతుక్కుంటే ఆ తలుపు మూసుకుంటుంది, నిజానికి ఆ ప్రొటీన్‌నే కణం లోపలికి లాగి కరిగించేస్తుంది. ఇనుము చాలినంత ఉందని తెలియగానే లివర్ హెప్సిడిన్ పెంచాలి. హీమోక్రొమటోసిస్ ఉన్నవాళ్ళలో దాదాపు అన్ని రకాల్లోనూ చెడిపోయేది ఈ ఒక్క మాటే, ఇనుము నిండిపోయినా లివర్‌కు ఆ సంగతి సరిగ్గా అందదు, హెప్సిడిన్ తక్కువగానే ఉండిపోతుంది, పేగు తలుపు తెరిచే ఉంటుంది. రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు అదనం అంటే ఏమంత అనిపిస్తుంది. ముప్ఫై నలభై ఏళ్ళు కలిపి చూడండి, 20 గ్రాములు దాటి పేరుకున్నవాళ్ళున్నారు.

అందరికంటే ఎక్కువగా కనిపించే రకానికి కారణం ఆరో క్రోమోజోమ్ మీదున్న హెచ్‌ఎఫ్‌ఈ అనే జన్యువులో సీ282వై అనే మార్పు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు ప్రతులూ మారినవే వస్తే ముప్పు. ఉత్తర ఐరోపా మూలాలున్నవాళ్ళలో ఇది చాలా ఎక్కువ, రెండు మూడు వందల మందిలో ఒకరికి రెండు ప్రతులూ ఉంటాయి, ఐర్లాండ్‌లో ఇంకా ఎక్కువ. ఆసియా, ఆఫ్రికా జనాభాల్లో ఈ మార్పు చాలా అరుదు. అయితే మనకి రాదులే అనుకోవద్దు, హెమోజువెలిన్, హెప్సిడిన్, ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ 2, ఫెర్రోపోర్టిన్ జన్యువుల్లో మార్పులతో వచ్చే రకాలు వేరే ఉన్నాయి, అవి ఏ జాతివాళ్ళలోనైనా రావచ్చు, వాటిలో హెమోజువెలిన్, హెప్సిడిన్ రకాలైతే ఇరవైల్లోనే గుండెను దెబ్బతీస్తాయి. మా ఇంట్లోది కూడా హెచ్‌ఎఫ్‌ఈ రకం కాదు.

ఈ జబ్బు చరిత్రలో నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఫ్రెంచ్ వైద్యుడు ట్రూసో 1865లో వర్ణించిన రోగికి అప్పటికే డయాబెటిస్, లివర్ సిర్రోసిస్, చర్మం రంగు మారడం అన్నీ ఉన్నాయి. హీమోక్రొమటోసిస్ అన్న పేరు 1889లో ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ పెట్టాడు, అదీ శవపరీక్షల్లో చూసినదాన్ని బట్టి. 1935లో షెల్డన్ అనే వైద్యుడు ఇది ఒళ్ళు ఇనుమును వాడుకునే తీరులో పుట్టుకతో వచ్చే లోపమని తేల్చాడు, జన్యువు దొరకడానికి 1996 దాకా పట్టింది, హెప్సిడిన్ బయటపడింది 2000 ప్రాంతంలోనే. అంటే వందేళ్ళకు పైగా వైద్యులకు ఈ జబ్బు ఆఖరి దశలోనే తెలుసు. కంచు రంగు డయాబెటిస్ అనే పాత పేరు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది, దాంతో చర్మం రంగు మారి షుగర్ వస్తే తప్ప ఈ జబ్బు కాదని కొందరు డాక్టర్లు ఇంకా అనుకుంటున్నారు.

ఇక కణం సంగతి.

రక్తంలో ఇనుము ఒంటరిగా తిరగదు, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని తిప్పుతుంది. మామూలుగా ట్రాన్స్‌ఫెరిన్‌లో మూడింట ఒక వంతు చోటు మాత్రమే నిండి ఉంటుంది, మిగతాది ఖాళీ. ఆ ఖాళీయే మనకి రక్షణ. హీమోక్రొమటోసిస్‌లో ఆ ఖాళీ నిండుతూ పోయి, ఒక దశ దాటాక ట్రాన్స్‌ఫెరిన్‌కు కట్టుబడని ఇనుము రక్తంలో తిరగడం మొదలుపెడుతుంది. ట్రాన్స్‌ఫెరిన్ ద్వారా వచ్చే ఇనుమును కణం తనకు కావాల్సినంతే తీసుకోగలదు, ఈ విడి ఇనుము మాత్రం వేరే దారుల్లో దూరుతుంది, ఆ దారులు ఎక్కువున్న చోట్లు లివర్, ప్యాంక్రియాస్, గుండె. ఈ జబ్బు సరిగ్గా ఆ మూడింటినే ఎందుకు పట్టుకుంటుందో అని నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు, ఇది చదివాక తెలిసింది.

కణంలోకి వెళ్ళిన ఇనుమును ఫెరిటిన్ అనే ప్రొటీన్ తనలో దాచుకుంటుంది, ఒక్కో ఫెరిటిన్ 4,500 దాకా ఇనుము పరమాణువులను దాచగలదు. దాచినంతవరకూ పర్వాలేదు. దాచలేక మిగిలిపోయిన కాస్త ఇనుము చేసేదే అసలు నష్టం. మైటోకాండ్రియాలో శక్తి తయారయ్యేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంచెం కొంచెం పుడుతూనే ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న కణం దాన్ని ఎప్పటికప్పుడు నీళ్ళుగా మార్చేస్తుంది. విడి ఇనుము అందుబాటులో ఉంటే మాత్రం ఆ పెరాక్సైడ్ విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ అవుతుంది. 1894లో హెన్రీ ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త గమనించిన చర్య కాబట్టి ఫెంటన్ చర్య అంటారు. జీవకణంలో పుట్టే రాడికల్స్ అన్నిటిలోకీ ఇది చెడ్డది, దీన్ని ఆపే ఎంజైమ్ శరీరంలో లేదు, పుట్టిన చోటే పక్కనున్నదేదైనా సరే దాన్ని దెబ్బతీసి పోతుంది. అది పొరల్లోని కొవ్వు కావచ్చు, ప్రొటీన్ కావచ్చు, డీఎన్‌ఏ కావచ్చు.

ఇప్పుడు వయసు మీద పడిన కణంలో శాస్త్రవేత్తలు ఏం చూస్తారో గుర్తు చేసుకోండి. మైటోకాండ్రియా మందగించడం, డీఎన్‌ఏ మీద మరమ్మతు కాని గాట్లు, క్రోమోజోమ్ చివరలుండే టెలోమియర్లు పొట్టిబడడం, కణం లోపల లైపోఫ్యూసిన్ అనే గోధుమ రంగు పదార్థం పేరుకోవడం, చివరికి విభజన ఆపేసి అలాగే మొండిగా ఉండిపోవడం. ఒక్కోదాని పక్కన ఇనుమును పెట్టి చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. టెలోమియర్ల వరసలో గ్వానిన్ అనే డీఎన్‌ఏ అక్షరం ఎక్కువ, ఆక్సీకరణకు అన్నిటికంటే ముందు లొంగేది ఆ గ్వానినే. లైపోఫ్యూసిన్ అంటే లైసోజోమ్, అంటే కణంలో చెత్తను అరిగించే సంచి, అరిగించుకోలేక మిగిల్చిన చెత్త, ఆ చెత్తలో ఇనుము ఉంటుంది, ఆ ఇనుమే మళ్ళీ కొత్త రాడికల్స్ పుట్టిస్తుంది. మైటోకాండ్రియా అయితే ఇనుముతో పని చేసే ఫ్యాక్టరీయే, హిమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టి ఉంచే హీమ్ తయారయ్యేది అక్కడే, ఇనుము-గంధకం గుచ్ఛాలు అల్లుకునేదీ అక్కడే, కాబట్టి ఇనుము లెక్క తప్పితే ముందు దెబ్బ తగిలేది దానికే. మధ్యాహ్నానికే ఓపిక అయిపోతోంది అని చెప్పే మనిషి కణాల్లో ఏం జరుగుతుండవచ్చో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

విభజన ఆపేసిన ఈ ముసలి కణాలను సెనెసెంట్ కణాలు అంటారు. అవి ఊరికే కూర్చోవు, వాపు పుట్టించే రసాయనాలను చుట్టుపక్కలకు వదులుతూ పక్కనున్న మంచి కణాలను కూడా పాడుచేస్తాయి, గాయం మానినట్టు కండ బదులు మచ్చ కట్టేలా చేస్తాయి. ఈ కణాల్లో ఇనుము విపరీతంగా పేరుకుని ఉంటుందని 2018లో ఒక బృందం చూపించింది. కారణం ఏంటంటే మామూలు కణం అవసరమైనప్పుడు ఫెరిటిన్‌ను లైసోజోమ్‌లోకి పంపి అరిగించి ఇనుము తీసుకుంటుంది, సెనెసెంట్ కణంలో ఆ పని కుంటుబడుతుంది, ఫెరిటిన్ నిండుతూనే ఉంటుంది, కణానికి మాత్రం ఇనుము చాలలేదన్న భ్రమ. అందుకని ఇంకా లాక్కుంటుంది. 2023లో మాన్యుయెల్ సెర్రానో బృందం నేచర్ మెటబాలిజం పత్రికలో ఇంకో అడుగు ముందుకేసింది, ఇనుము పేరుకోవడం ముసలితనానికి గుర్తు మాత్రమే కాదు, కారణం కూడా అని. ఇనుము ఎక్కువైతే కణాలు సెనెసెంట్ అవుతాయి, ఆ సెనెసెంట్ కణాలు ఇంకా ఇనుము పోగేసుకుంటాయి, మచ్చ పెరుగుతుంది. ఇనుమును పట్టుకుని బయటికి లాగే డెఫెరిప్రోన్ అనే మందు ఇచ్చినప్పుడు ఎలుకల్లో ఆ మచ్చ తగ్గింది. లివర్‌లో మచ్చ కట్టడాన్నే ఫైబ్రోసిస్ అంటారు, అది ముదిరితే సిర్రోసిస్. హీమోక్రొమటోసిస్ రోగిని ఎక్కువగా చంపేది అదే, దాని వెనకాల వచ్చే లివర్ క్యాన్సర్.

ఇంకో దారి కూడా ఉంది. ఇనుము వల్ల పొరల్లోని కొవ్వు చెడి కణం చచ్చిపోవడానికి 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టారు. సీ. ఎలెగన్స్ అనే చిన్న పురుగులో వయసుతో పాటు ఇనుము పెరుగుతుంది, ఆ చావును ఆపే మందులు ఇస్తే పురుగు ఎక్కువ కాలం ఆరోగ్యంగా బతికిందని 2020లో తేలింది. పురుగు పురుగే, మనిషి మనిషే, ఒప్పుకుంటాను. కానీ అదే ఏడాది మనుషుల జన్యువుల మీద, ఆయుర్దాయాన్నీ ఆరోగ్యంగా బతికే కాలాన్నీ కలిపి చేసిన ఒక పెద్ద విశ్లేషణలో హీమ్ జీవక్రియకు సంబంధించిన జన్యువులు ముందుకొచ్చాయి, ఇనుము ఎక్కువగా ఉండే జన్యుస్వభావానికీ తక్కువ ఆయుర్దాయానికీ సంబంధం కనిపించింది.

మరి హీమోక్రొమటోసిస్ అంటే తొందరగా ముసలైపోవడమేనా? ఆ మాట అలా తెగేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. జుట్టు నెరవడం, కళ్ళలో శుక్లాలు, ఎముకలు గుల్లబారడం అన్నీ ముందుకు జరిగే వెర్నర్ సిండ్రోమ్ లాంటి జబ్బు కాదిది. ఇనుము వెళ్ళిన చోటే నష్టం జరుగుతుంది. కానీ ముసలితనం అని మనం పిలిచే చాలా లక్షణాలు ఆ చోట్ల నుంచే పుడతాయి, అది గట్టిగా చెప్పగలను. బ్రిటన్‌లో లక్షలమంది ఆరోగ్య, జన్యు సమాచారం దాచిన యూకే బయోబ్యాంక్‌లో సుమారు నాలుగున్నర లక్షల మందిని చూసి 2019లో వెలువరించిన ఫలితాల్లో సీ282వై రెండు ప్రతులూ ఉన్నవాళ్ళు 2,890 మంది. వాళ్ళలో మగవాళ్ళకు లివర్ జబ్బులు, డయాబెటిస్, కీళ్ళ నొప్పులు మిగతావాళ్ళకంటే ఎక్కువ. అదే సమాచారంతో చేసిన ఇంకో అధ్యయనంలో అరవై దాటిన మగవాళ్ళలో కండ తగ్గిపోవడం, దీర్ఘకాలపు నొప్పి, మొత్తంగా ఒంటి బలం సన్నగిల్లడం ఎక్కువగా కనిపించాయి. ఇవన్నీ మనం వయసు ఖాతాలో రాసేసేవే. అన్నట్టు ఈ అదనపు ఇనుము మెదడుకు చేరదని చాలాకాలం నమ్మారు, అదీ నిజం కాదు, ఈ రెండు ప్రతులున్నవాళ్ళ మెదడులో కదలికలను నడిపే భాగాల్లో ఇనుము పేరుకున్నట్టు స్కానింగ్‌ల్లో కనిపించింది.

ఆడవాళ్ళ విషయం వేరుగా చెప్పాలి. నెలసరిలో, కాన్పుల్లో రక్తం పోతుంది కాబట్టి ఇనుము పేరుకోవడం ఆలస్యమవుతుంది, మెనోపాజ్ తర్వాత మొదలవుతుంది. అప్పుడు వచ్చే నీరసాన్నీ కీళ్ళ నొప్పుల్నీ మెనోపాజ్ అనేస్తారు. మళ్ళీ వయసే.

మా అన్నయ్యకి ఇలాగే జరిగింది. చూపుడువేలు, మధ్యవేలు మొదటి కణుపుల్లో నొప్పి, పిడికిలి బిగిస్తే నొప్పి, కరచాలనం చెయ్యాలంటే భయం. చూపించిన చోటల్లా అరుగుదల అన్నారు, నొప్పి మాత్రలిచ్చారు. ఆ రెండు కణుపుల నొప్పి ఈ జబ్బుకు ఎంత ప్రత్యేకమైన గుర్తో తెలిసినవాళ్ళు ఒక్కరు ఉన్నా కొన్నేళ్ళు కలిసొచ్చేవి. నీరసంగా ఉందంటే ఒకచోట రక్తం తక్కువేమో అని పరీక్ష లేకుండానే ఐరన్ మాత్రలు రాశారు, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు మండుతుంది. చివరికి లివర్ ఎంజైములు ఎందుకు పెరిగాయో అని వెతికిన ఒక డాక్టర్‌గారు ఇనుము పరీక్షలు చేయించారు. ఆవిడకి మేము రుణపడి ఉన్నాం. తోబుట్టువుని కాబట్టి నన్నూ పరీక్ష చేయించుకోమన్నారు, నాకూ ఉందని తేలింది, కానీ ఇంకా ఏ అవయవమూ దెబ్బతినకముందే.

పరీక్షల గురించి ఒక్క మాట. కణాల్లో ఇనుమును దాచే ఫెరిటిన్ కొంత రక్తంలోనూ ఉంటుంది, దాన్ని కొలిచేదే ఫెరిటిన్ పరీక్ష, అదొక్కటే చూసి టెన్షన్ పడొద్దు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్, ఫ్యాటీ లివర్, మద్యం, వీటిలో ఏది ఉన్నా ఫెరిటిన్ పెరుగుతుంది, ఫెరిటిన్ ఎక్కువున్నవాళ్ళలో చాలామందికి హీమోక్రొమటోసిస్ ఉండదు. పక్కనే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, అంటే ట్రాన్స్‌ఫెరిన్‌లో ఎంత శాతం ఇనుముతో నిండిందో కూడా చూడాలి, అది 45 శాతం దాటి ఉంటే అప్పుడు ఆలోచించాల్సిందే, జన్యు పరీక్ష, అవసరమైతే లివర్‌లో ఇనుమును కొలిచే ఎంఆర్‌ఐ. ఫెరిటిన్ 1,000 దాటితే సిర్రోసిస్ ముప్పు పెరుగుతుంది, అప్పుడు లివర్ పరిస్థితి వెంటనే చూపించుకోవాలి.

వైద్యం వినడానికి పాతకాలం పద్ధతిలా ఉంటుంది, రక్తం తీసేయడం. 450 నుంచి 500 మిల్లీలీటర్ల రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది, పోయిన రక్తాన్ని భర్తీ చేయడానికి ఎముక మజ్జ ఒంట్లో పేరుకున్న ఇనుమును బయటికి లాగుతుంది. పది గ్రాములు అదనంగా పేరుకున్న మనిషికి కనీసం నలభైసార్లు తీయాలి. మొదట్లో వారానికోసారి, ఫెరిటిన్ 50కి దగ్గరగా దిగాక రెండు మూడు నెలలకోసారి, జీవితాంతం. రక్తం తీయడం కుదరనివాళ్ళకు ఇనుమును పట్టుకునే మందులున్నాయి. మద్యం మానెయ్యాలి, ఐరన్ మాత్రలు, విటమిన్ సీ మాత్రలు వేసుకోకూడదు, పచ్చి గుల్లచేపలు తినకూడదు, ఎందుకంటే ఇనుము ఎక్కువున్న రక్తంలో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా చాలా వేగంగా ప్రాణాల మీదికి తెస్తుంది.

ఏవి తిరిగొస్తాయి, ఏవి రావు అన్నది కణాల దృష్టితో చూస్తే అర్థమవుతుంది. నీరసం తగ్గుతుంది, చర్మం రంగు మామూలవుతుంది, గుండె తొందరగా దొరికితే కోలుకుంటుంది, లివర్ ఫైబ్రోసిస్ ముదరకముందైతే వెనక్కి పోవచ్చు. ఇన్సులిన్ తయారుచేసే కణాలు చచ్చిపోయాక మాత్రం తిరిగి రావు, కీళ్ళ నొప్పి చాలామందికి ఉండిపోతుంది, మా అన్నయ్యకి ఉండిపోయింది. జర్మనీ నుంచి 1985లో వచ్చిన, 163 మంది రోగుల మీద చేసిన అధ్యయనం నాకు చాలా ధైర్యమిచ్చింది: సిర్రోసిస్, డయాబెటిస్ రాకముందే రక్తం తీయడం మొదలుపెట్టినవాళ్ళ ఆయుర్దాయం మామూలు జనాభాతో సమానం. ఇనుము వల్ల ముందే మీదపడబోయిన ముసలితనాన్ని ఆపగలిగారన్నమాట.

ఇదంతా చదివి, ఇనుము అంటేనే ముసలితనం కాబట్టి అందరూ ఇనుము తగ్గించుకోవాలి అని ఎవరైనా అంటే దయచేసి వినకండి. ఇనుము లేకపోతే మైటోకాండ్రియా నడవదు, డీఎన్‌ఏ తయారయ్యే ఎంజైముకే ఇనుము కావాలి, రక్తహీనతతో బాధపడేవాళ్ళు ప్రపంచంలో హీమోక్రొమటోసిస్ వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ పోస్టు చూసి ఐరన్ మాత్రలు మానేసిన గర్భిణి ఒక్కరున్నా నేను చేసింది పాపమే. పరీక్షలో ఎక్కువని తేలినవాళ్ళ గురించే నేను మాట్లాడుతున్నది.

మీ ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలితే అక్కలు, అన్నలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అందరూ పరీక్ష చేయించుకోవాలి, హెచ్‌ఎఫ్‌ఈ రకంలో ఒక్కో తోబుట్టువుకీ ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. ఏ బాధా లేదు కదా అని ఆగొద్దు, బాధ లేనప్పుడే చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికీ తేలకపోయినా, లివర్ ఎంజైములు ఊరికే పెరిగి ఉన్నా, చిన్న వయసులో షుగర్, కీళ్ళ నొప్పులు, నీరసం కలిసి వచ్చినా, ఫెరిటిన్‌తో పాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా రాయండి డాక్టర్‌గారూ అని అడగండి. ఐరన్ మాత్రలు వేసుకుంటూ ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, లేకపోతే అంకె తప్పుగా రావచ్చు.